అటక మీది డ్రమ్ము దించండి

నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) పెళ్లి ఊరేగింపులను ముందుండి నడిపిన సైడ్ డ్రమ్ము ఇప్పుడు పాత సామాన్ల తూకానికి పోతోంది. దాన్ని గుర్తుపట్టి, బాగుచేసి, మళ్లీ మోగించే దారి ఉంది.

ఊళ్లోకి బ్యాండు మేళం వచ్చిందని అందరికన్నా ముందు చెప్పేది సైడ్ డ్రమ్మే. క్లారినెట్ పాట అందుకునే లోపే దాని చప్పుడు వీధి చివరిదాకా పోయేది. అన్నం తింటున్న పిల్లలు చేయి కడుక్కోకుండానే బయటికి ఉరికేవాళ్లు. దేవరకొండలోనైనా మక్తల్‌లోనైనా, కోదాడలోనైనా కల్వకుర్తిలోనైనా ఒక తరం పెళ్లిళ్లు ఆ చప్పుడు వెంటే నడిచాయి. ఎదుర్కోళ్లకు అది కావాలి, బరాత్‌కు అది కావాలి, పంద్రాగస్టు నాడు బడిపిల్లల కవాతుకూ అదే కావాలి.

ఆ డ్రమ్ములన్నీ ఏమయ్యాయి? మేళం మానేసిన ఇళ్లలో అటకల మీదికి చేరాయి. పాత హైస్కూళ్లలో విరిగిన బెంచీల కింద దుమ్ము పట్టాయి. తోలు చిరిగింది, తీగలు తెగాయి, మరలు తుప్పుపట్టాయి. ఇల్లు సర్దుతున్న రోజున వీధిలోకి పాత ఇనుప సామాన్ల బండి వస్తే ఇత్తడి ఎన్ని కిలోలు తూగుతుందన్నదే లెక్కవుతోంది. పెళ్లిళ్లలో సంపాదించి పెట్టిన వాయిద్యం అలా కరిగిపోవాల్సిన పని లేదు. చాలావాటిని బాగుచేయవచ్చు. ఆ పని కష్టమైనదేమీ కాదు, కానీ ఓపిక కావాలి, ముందు ఏం చేయకూడదో తెలియాలి.

దండు నుంచి పెళ్లి పందిట్లోకి

డప్పుకు ఒకవైపే తోలు. డోలుకు రెండు వైపులా తోలు, రెండు వైపులా వాయిస్తారు. సైడ్ డ్రమ్ముకూ రెండు తోళ్లు ఉంటాయి గానీ దెబ్బ పడేది పై తోలు మీదే. కింది తోలును ఆనుకుని కొన్ని తీగలు అడ్డంగా బిగించి ఉంటాయి. పైన దెబ్బ పడగానే లోపలి గాలి కింది తోలును కదుపుతుంది, ఆ తోలు తీగలను తాకి చిటపటలాడిస్తుంది. ఎండు ఆకుల మీద వాన పడ్డట్టు వినిపించే ఆ గరగరే ఈ డ్రమ్ము గుర్తు. పక్కనున్న మీట వదిలి తీగలను దించేస్తే అదే డ్రమ్ము మామూలు డోలులా బొబ్బరిస్తుంది.

తీగలున్న ఈ డ్రమ్ము యూరప్‌లో సైన్యాల వెంట పెరిగింది. భుజానికి తగిలించి పక్కగా వేలాడదీసుకుని నడుస్తూ వాయించేవారు కాబట్టి సైడ్ డ్రమ్ము అయింది. సిపాయిల అడుగు కలపడానికీ, యుద్ధరంగంలో ఆజ్ఞలు వినిపించడానికీ వాడేవారు. మన వైపు ఆ చప్పుడు దండుతోపాటే వచ్చింది. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరుతో సికింద్రాబాద్ కంటోన్మెంటు ఏర్పడ్డాక బ్రిటిష్ పటాలాల బ్యాండ్లు హైదరాబాద్ రాజ్యానికి ఇరుగుపొరుగయ్యాయి. నిజాం సైన్యానికీ బ్యాండ్లు వచ్చాయి. పాలమూరు సంస్థానాలకూ ఆ సైనిక ఆడంబరం దూరం కాదు. నిజాం కొలువులో పేరుపొందిన ఆఫ్రికన్ అశ్వదళం మొదట వనపర్తి సంస్థానాధీశుడు రాజా రామేశ్వరరావు కూర్చినదే. ఆ సిద్దీ సిపాయిల వారసులు హైదరాబాద్‌లో నిలబెట్టిన మార్ఫా వాయిద్యం ఇవాళ తెలంగాణ పెళ్లిళ్లలో ఊపు తెస్తోంది.

దండు బ్యాండును చూసి జమీందారు, జమీందారును చూసి షావుకారు, షావుకారును చూసి ఊరూ పెళ్లికి బ్యాండు పెట్టుకోవడం దేశమంతటా జరిగిన కథే. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన సంగీత పరిశోధకుడు గ్రెగరీ బూత్ ఈ పెళ్లి బ్యాండ్ల వెంట ఊరూరా తిరిగి 2005లో 'బ్రాస్ బాజా' అనే పుస్తకమే రాశారు. ఇంత గిరాకీకి వాయిద్యాలు చేసి పెట్టిన ఊరు ఉత్తరప్రదేశ్‌లోని మీరట్. అక్కడి జలీ కోఠీ వీధి ఇప్పటికీ బ్యాండు సామాన్లకు పెట్టింది పేరు. అందులో పాత సంస్థ నాదిర్ అలీ అండ్ కంపెనీ 1885 నాటిది. మన ఊళ్ల బ్యాండు సెట్లలో మీరట్ సరుకుకు పెద్ద వాటా ఉంది.

అయితే ఈ కొత్త డ్రమ్మును మన చేతులు ఇంత త్వరగా పట్టుకోవడానికి మరో కారణం ఉంది. రెండు సన్నటి పుల్లలతో గబగబా వాయించే తాషా మనకు అప్పటికే తెలుసు. పీర్ల పండుగకు అలావ చుట్టూ ఆడేటప్పుడు పాలమూరు పల్లెల్లో డప్పుల మధ్య దాని చప్పుడు వేరుగా వినిపిస్తుంది. 1845 తర్వాత ట్రినిడాడ్ చెరకు తోటలకు కూలీలుగా వెళ్లిన ఉత్తరాది భారతీయులు తాషాను వెంట తీసుకెళ్తే, అక్కడ అది 'టాసా' పేరుతో దీవి అంతటి వాయిద్యమైంది. మన మేళగాళ్లు మాత్రం తాషా దరువునే తెచ్చి సైడ్ డ్రమ్ము మీద పెట్టారు. కవాతు కోసం పుట్టిన డ్రమ్ము అలా తీన్మార్ నేర్చుకుంది.

ఏది పాతది, ఏది విలువైనది

అటక మీది నుంచి దించిన డ్రమ్మును ముందు తుడవకండి. చూడండి. డబ్బా దేనితో చేశారన్నది మొదటి ప్రశ్న. అయస్కాంతం పెడితే అంటుకుంటే ఇనుప రేకు, పైన నికెల్ పూత. అంటుకోకపోతే ఇత్తడో అల్యూమినియమో. లోపలివైపు గీరితే పసుపు రంగు కనిపిస్తే ఇత్తడే. చెక్క డబ్బా అయితే పలుచటి పలకలను గుండ్రంగా వంచి అతికించి ఉంటారు. కట్లు చెక్కవై, పక్కన తాళ్లు అల్లి, ఆ తాళ్ల మీద తోలు చెవులు జార్చి బిగించే రకమైతే అది పాత పటాలం పద్ధతి. ఇనుప కట్లూ మరల కడ్డీలూ తర్వాతి కాలానివి. తయారీదారు పేరున్న బిళ్ల గాని, డబ్బా మీద చెక్కిన ఊరి పేరు గాని ఉంటే దాన్ని రుద్దకండి. ఆ డ్రమ్ము పుట్టుక చెప్పే కాగితం అదొక్కటే.

విదేశాల్లో పాత సైడ్ డ్రమ్ములకు పెద్ద ఆదరణ ఉంది. షికాగోలో 1909లో లుడ్విగ్ సోదరులు, లండన్‌లో 1922లో ప్రీమియర్ సంస్థ మొదలుపెట్టిన డ్రమ్ముల కోసం సేకర్తలు ఏళ్ల తరబడి వెతుకుతారు. 1964లో బీటిల్స్ బృందం అమెరికా టీవీలో వాయించినప్పుడు రింగో స్టార్ ముందున్నవి లుడ్విగ్ డ్రమ్ములే. ఆ తర్వాత ఆ కంపెనీ గిరాకీని తట్టుకోలేకపోయింది. 1960ల నాటి లుడ్విగ్ అల్యూమినియం డ్రమ్ముల మీద క్రోము పూత పొక్కులు లేస్తుందని అందరికీ తెలుసు. అయినా తెలిసిన సేకర్త దానికి కొత్త పూత వేయించడు. మొదటి పూత, మొదటి మరలు, మొదటి బిళ్ల ఉన్నదానికే ఎక్కువ విలువ కడతాడు.

మీరట్ డ్రమ్ముకు ఆ ధర రాదు. కానీ ఆ సూత్రం దీనికీ పనికొస్తుంది. మెరుపు కోసం పాతదనాన్ని గీకేస్తే మిగిలేది చౌకరకం కొత్త డ్రమ్ము. సొట్టలో, గీతలో, డబ్బా మీద ఎర్రరంగుతో రాసిన బ్యాండు పేరులో ఆ డ్రమ్ము తిరిగిన ఊళ్లున్నాయి.

విప్పడంలోనే సగం పని

బాగుచేయడం ఫోటోలతో మొదలవుతుంది. నాలుగు వైపులా తీసి, ప్రతి కడ్డీకీ చిన్న కాగితం ముక్క కట్టి ఒకటి, రెండు అని అంకెలు వేయాలి. ఏళ్ల తరబడి ఒకే గూట్లో తిరిగిన మర ఆ గూటికే అలవాటు పడి ఉంటుంది. దాన్ని మరో గూట్లో పెడితే పట్టేస్తుంది. తుప్పుపట్టి కదలని మరను పట్టకారుతో మెలిపెట్టకూడదు. కిరోసిన్‌లో గాని కుట్టుమిషను నూనెలో గాని ఒక రాత్రి నాననిస్తే దానంతటదే వదులవుతుంది. పాత బ్రిటిష్ రకం మరలు ఇంచి కొలతల్లో ఉంటాయి. నేటి మిల్లీమీటరు నట్టును వాటికి బలవంతంగా ఎక్కిస్తే మర తినేస్తుంది. కొత్తది దొరక్కపోతే లేతు పనివారి దగ్గర పాతదాని నమూనా ఇచ్చి చేయించుకోవడమే మేలు.

ఇత్తడి అనగానే మన చేయి చింతపండు మీదికి పోతుంది. బిందెకు అది మంచిదే. పూత ఉన్న డ్రమ్ముకు చింతపండు పులుపూ, గరుకు బూడిదా రెండూ శత్రువులే. పలుచటి నికెల్ పూత, వార్నిషు వాటికి ఆగవు. గోరువెచ్చని నీళ్లలో కొద్దిగా సబ్బు కలిపి మెత్తటి నూలుగుడ్డతో తుడిచి వెంటనే ఆరబెడితే చాలు. సొట్టలను లోపలి నుంచి చెక్కసుత్తితో మెల్లగా ఎత్తాలి. పని బాగా తెలిసిన కంచరివారి చేతికి ఇస్తే ఇంకా మంచిది.

తర్వాత చేసే పరీక్షలోనే డ్రమ్ము భవిష్యత్తు తేలుతుంది. చదునైన గ్రానైటు బండ గాని అద్దం గాని తీసుకుని దాని మీద తోళ్లు తీసేసిన డబ్బాను బోర్లించాలి. గదిలో దీపం ఆర్పి, డబ్బా లోపల చిన్న టార్చి వెలిగించి, అంచు చుట్టూ కళ్లు పెట్టి చూడాలి. వెలుతురు ఎక్కడ బయటికి వస్తే అక్కడ అంచు పల్లమైందని అర్థం. తోలు అంచును సమంగా ఆనకపోతే ఎంత బిగించినా స్వరం నిలవదు. పల్లం కొద్దిగా ఉంటే ఆ బండ మీదే గరుకు కాగితం పరిచి డబ్బాను గుండ్రంగా తిప్పుతూ అంచును సరిచేయవచ్చు.

ఇక్కడే ఒక హెచ్చరిక. పై అంచుకు చేసిన పని కింది అంచుకు చేయకూడదు. కింది అంచును బోర్లిస్తే ఎదురెదురుగా రెండు చోట్ల వెలుతురు కనిపిస్తుంది. అది లోపం కాదు. తీగలు తోలును అతుక్కుని కూర్చోవడానికి తయారుచేసినవారే కావాలని తీసిన పల్లం. తెలియక దాన్ని అరగదీసి చదును చేస్తే తీగల చివరలు గాలిలో తేలతాయి, గరగర పోతుంది, డ్రమ్ము ఇక సైడ్ డ్రమ్ముగా మోగదు. పాత డ్రమ్ములు పాడయ్యే దారుల్లో ఇదొకటి. ఆ పాపం తుప్పుది కాదు, మరమ్మతుదే.

తోలు, దాని వెనక మనుషులు

1957లో రెమో బెల్లి లాస్ ఏంజెలెస్‌లో తోలుకు బదులు డ్రమ్ములకు బిగించే పాలిస్టర్ పొరల తయారీ మొదలుపెట్టాక ప్రపంచమంతా క్రమంగా ప్లాస్టిక్ వైపు తిరిగింది. వానకు జారదు, ఎండకు బిగవదు, అంగట్లో దొరుకుతుంది. ఊరేగింపుల్లో తడిసే డ్రమ్ముకు అది వేసుకున్నా తప్పు లేదు. డబ్బాకు కొత్త చిల్లు పడకుండా, రేపు కావాలంటే తీసేసి తోలు వేసుకునేలా ఉంటే చాలు. కానీ పాత డ్రమ్ము అసలు గొంతు వినాలంటే తోలే కావాలి.

తోలు ఎక్కించడం నిదానంగా చేసే పని. పలుచగా గీసిన మేకతోలును చల్లటి నీళ్లలో మెత్తబడేదాకా నానబెడతారు. వేడినీళ్లు తగిలితే తోలు ముడుచుకుని పెళుసవుతుంది. నానిన తోలును బల్ల మీద పరిచి, సన్నటి లోపలి కట్టును దాని మీద పెట్టి, అంచులను కట్టు చుట్టూ తిప్పి, స్పూను కాడలాంటి మొండి పరికరంతో తోలుకూ కట్టుకూ మధ్యకు దోపుకుంటూ వస్తారు. ఒకవైపు నాలుగు వేళ్ల మేర దోపితే వెంటనే దాని ఎదుటివైపు దోపాలి. లేకపోతే తోలు ఒకే పక్కకు లాగుతుంది. తడిగా ఉండగానే డబ్బాకు ఎక్కించి, మరలు చేతితో తిరిగినంత మేరకే తిప్పి, నీడలో ఆరనివ్వాలి. ఆరుతూ ఆరుతూ తోలు తనంతట తానే బిగుస్తుంది. ఎండలో పెట్టి తొందరపెడితే చిరుగుతుంది. కింది తోలు పై తోలు కన్నా పలుచగా ఉండాలి, దాని మీద పుల్ల పడకూడదు. బిగించేటప్పుడు కూడా ఎదురెదురు మరలను అర చుట్టు చొప్పున తిప్పుతూ, అంచుకు రెండు వేళ్ల దూరంలో తట్టి వింటూ, చుట్టూ ఒకే స్వరం పలికేదాకా పోవాలి. తీగలను బాగా బిగిస్తే బాగా మోగుతుందనుకోవడం పొరపాటు. అతిగా బిగిస్తే తోలు ఊపిరాడక మూగబోతుంది. పాలమూరు మే నెల ఎండల్లో అయితే వాయించడం అయిపోగానే మరలు ఒక చుట్టు వదులు చేసి పెట్టడం మరచిపోకూడదు.

ఈ తోలు జ్ఞానం ఎవరిది? డప్పును తరతరాలుగా కాపాడినవారిదే. చెక్క చట్రానికి చింతగింజల జిగురు పట్టించి, తోలు లాగి అంటించి, వాయించే ముందు మంట సెగ చూపి శ్రుతి తెచ్చే విద్య మాదిగ వాడల్లో పెరిగింది. కుడిచేతి సిర్ర, ఎడమచేతి సిటికెన పుల్ల ఎక్కడ ఎంత బలంగా పడాలో తెలిసిన ఆ చేతులకే మేళంలో సైడ్ డ్రమ్ము పుల్లలూ సులువుగా లొంగాయి. ఆ పనికి ఊరు అంటరానితనాన్ని కూలిగా ఇచ్చింది కాబట్టే చాలామంది తమ పిల్లలను తోలుకు దూరంగా పెంచారు. వారి నిర్ణయాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. 1994లో మొదలైన మాదిగ దండోరా ఉద్యమం అదే డప్పును ఆత్మగౌరవ జెండాగా ఎత్తింది. తెలంగాణ ఉద్యమంలో ధూంధాం వేదికల మీద అదే డప్పు ముందుండి మోగింది.

తోలుపనికి గౌరవం ఇవ్వడం పాలమూరుకు తెలియని సంగతి కాదు. చిన్నచింతకుంట మండలంలోని కురుమూర్తి జాతరకు ప్రాణం ఉద్దాల ఉత్సవం. స్వామి పాదుకలను వడ్డెమాన్‌లో దళితులు నియమనిష్ఠలతో తోలుతో తయారుచేస్తే, వాటిని జనం ఊరేగింపుగా కొండకు తీసుకెళ్తారు. ఉద్దాలను నెత్తిన పెట్టుకునే సమాజం, అదే తోలుతో డ్రమ్ముకు ప్రాణం పోసే మనిషికి దండం పెట్టకపోయినా తగిన కూలి ఇవ్వాలి.

కిన్నెర, బుర్రవీణ చెబుతున్నది

పాత వాయిద్యాన్ని వెతికి నిలబెడితే ఏమవుతుందో ఈ నేల ఈమధ్యే చూసింది. నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగిలయ్య పన్నెండు మెట్ల కిన్నెరతో పండుగ సాయన్న, మియాసాబ్ కథలు పాడుతూ ఊరూరా తిరిగారు. తెలంగాణ ప్రభుత్వం ఆయన్ను గుర్తించింది, ఆయన గురించి బడిపుస్తకంలో పాఠం వచ్చింది, 2021లో 'భీమ్లా నాయక్' పాటతో ఆయన గొంతు తెలుగు నేలంతా వినిపించింది, 2022లో పద్మశ్రీ వచ్చింది. రెండేళ్లకు నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్పకు పద్మశ్రీ దక్కింది. పరిశోధకుడు జయధీర్ తిరుమలరావు, పాలమూరు విశ్వవిద్యాలయ ఆచార్యులు గూడూరు మనోజ లాంటివారు పల్లెలు తిరిగి ఇలాంటి వాయిద్యాలను సేకరించి, వాటి వెనకున్న కులాల కథలను నమోదు చేశారు కాబట్టే వీటిలో చాలా పేర్లు మనకు తెలిశాయి.

కిన్నెర బాగుచేయడంలో డ్రమ్ముకూ పనికొచ్చే సంగతి ఒకటుంది. వెదురు, సొరబుర్రలు, తేనెమైనం కలిస్తే కిన్నెర. మెట్లు మైనంతో అంటించి ఉంటాయి కాబట్టి సెగ చూపితే వదులవుతాయి, జరిపి స్వరం సరిచేసి మళ్లీ అంటించవచ్చు. ఎన్నిసార్లయినా విప్పి కట్టగలిగే పద్ధతి అది. అయితే ఆ మెట్లకు వెనకటి వారు వాడింది అలుగు పొలుసులు. అలుగు ఇప్పుడు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జంతువు, దాన్ని ముట్టుకోవడానికి లేదు, ముట్టుకోకూడదు కూడా. కాబట్టి కిన్నెరకు కొత్త మెట్లు మరో పదార్థంతోనే వేసుకోవాలి. పాతదాన్ని కాపాడటం అంటే ప్రతి ముక్కా పాతదే కావాలని పట్టుబట్టడం కాదు. గొంతు మారకుండా, ప్రాణికి హాని లేకుండా, రేపటివాడు విప్పి సరిచేసుకునేలా చేయడం.

మొగిలయ్య కథలో ఇంకో పాఠం ఉంది, అది చేదుది. పద్మశ్రీ అందుకున్న రెండేళ్లకే, 2024లో, హైదరాబాద్ శివారు తుర్కయంజాల్‌లో ఒక నిర్మాణం దగ్గర ఆయన కూలి పని చేస్తున్న దృశ్యం వార్తల్లోకి వచ్చింది. వాయిద్యానికి దేశమంతా చప్పట్లు కొట్టింది, వాయించేవారికి నెలనెలా బతుకు మాత్రం కుదరలేదు. పద్మశ్రీకే అలా జరిగితే, పేరు లేని సైడ్ డ్రమ్ము కళాకారుడి సంగతి వేరే చెప్పాలా?

మోగితేనే మిగులుతుంది

బ్యాండు మేళాన్ని వెనక్కి నెట్టింది డీజే. ఒక ట్రాలీ, నాలుగు పెట్టెలు, ఒక మనిషి ఉంటే పదిహేను మంది పని అయిపోతోంది. దాని ధాటికి ముసలివాళ్ల గుండెలు అదురుతున్నాయి, పసిపిల్లలు ఉలిక్కిపడుతున్నారు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా మైకులు మోగించకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. ఈ ఖాళీలోకి మేళం తిరిగి రావచ్చు. సైడ్ డ్రమ్ము చప్పుడు ఎంత గట్టిదైనా మనిషి చేతి బలాన్ని దాటదు, చేయి అలసినప్పుడు ఆగుతుంది.

అద్దాల బీరువాలో పెట్టిన డ్రమ్ముకు తోలు ఎండి చిరుగుతుంది, మరలు మళ్లీ పట్టేస్తాయి. వాయించే డ్రమ్మునే ఎవరో ఒకరు తుడుస్తారు, నూనె పెడతారు, చిరిగిన తోలు మారుస్తారు. మ్యూజియంలో నమూనాలు ఉండాల్సిందే, వాటి వల్లే తర్వాతి తరం కొలతలు తీసుకుంటుంది. కానీ ఊళ్లోని డ్రమ్ముకు ఊళ్లోనే పని దొరకాలి.

అందుకే కొన్ని చిన్న పనులు మనవంతు. ఈ సెలవుల్లో అటక మీది డ్రమ్ము దించండి. తూకానికి వేయకండి, చింతపండుతో తోమకండి, ఫోటోలు తీసి దాని మీదున్న పేరు రాసి పెట్టుకోండి. హెడ్మాస్టరు గార్లూ, స్టోరు గదిలోని పాత బ్యాండు సెట్టును వేలం వేసే ముందు ఊళ్లో మేళం తెలిసిన పెద్దమనిషిని ఒకసారి పిలిపించండి. ఆయన చేతే ఇద్దరు పిల్లలకు నేర్పించండి, నేర్పినందుకు ఆయనకు డబ్బివ్వండి. పూర్వపు నల్లగొండ, మహబూబ్‌నగర్ ఇవాళ ఎనిమిది జిల్లాలయ్యాయి. ఒక్కో జిల్లా సాంస్కృతిక శాఖ తన పరిధిలోని పాత వాయిద్యాల, వాటి కళాకారుల జాబితా రాయించి, తోలుపని వచ్చినవారితో ఏడాదికోసారి మరమ్మతు శిబిరం పెడితే పెద్ద ఖర్చు కాదు. మీ ఇంట్లో పెళ్లి కుదిరితే, బరాత్‌లో ఒక్క గంటైనా మీ ఊరి మేళానికి ఇవ్వండి, వారడిగిన కూలి బేరమాడకుండా ఇవ్వండి.